జాబితాలో లేని రెండు వస్తువులు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది, ఇంటి నుంచే పని. మంచి గేమింగ్ కంప్యూటర్ ఉండాలని చిన్నప్పటి నుంచీ కోరిక. లక్షా పదివేలు దాచాను. భాగాలు విడిగా కొని నా చేతులతోనే బిగించాలని ఉంది. తమ్ముడూ నేనూ కలిసి జాబితా రాశాం: ఇంటెల్ ఐ7 14700ఎఫ్ ప్రాసెసర్, జెడ్790 బోర్డు, 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 3050 కార్డు, ముందువైపు అద్దమున్న రంగు లైట్ల క్యాబినెట్, దానితో ఉచితంగా వచ్చే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా). తెరకు హాల్లో 43 అంగుళాల 4కె టీవీ ఉంది. ఎక్కువగా వాలరెంట్ ఆడతాం, సైబర్‌పంక్ 2077 కూడా ఆడాలని ఆశ. “నువ్వు బిగిస్తే కాలిపోతుంది, షాపులో చేయించు” అని నాన్నగారు అంటున్నారు. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు సంక్రాంతికి వస్తున్నాడు. గ్రాఫిక్స్ కార్డు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా?

జవాబు: మీ జాబితాలో ఎనిమిది వస్తువులున్నాయి. ఉండాల్సినవి రెండు లేవు. ఒకటి మానిటరు. రెండోది మీ గోడకున్న ప్లగ్ పాయింటు. నవ్వకండి, రెండో దాని గురించే ఎక్కువ రాయబోతున్నాను.

ముందు తెర సంగతి. ఎంత కంప్యూటర్ కావాలో నిర్ణయించేది ప్రాసెసర్ పేరు కాదు, తెర. మామూలు టీవీ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. మీ ఐ7 వాలరెంట్‌లో సెకనుకు 300 బొమ్మలు తయారుచేసి పంపినా మీ కంటికి చేరేవి 60. పైగా టీవీ తనకొచ్చిన బొమ్మకు మెరుగులు దిద్ది ఆలస్యంగా చూపిస్తుంది. మౌస్ కదిపిన క్షణానికీ తెర మీద గురి కదిలిన క్షణానికీ మధ్య ఎడం వస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే కొంత తగ్గుతుంది గాని ఇలాంటి గురిచూసి కాల్చే ఆటకు అది చాలదు. సైబర్‌పంక్‌ది దీనికి వ్యతిరేకమైన చిక్కు. 4కె తెరకు ఒక్కో బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలు గీయాలి. 1080పి తెరకు 21 లక్షల లోపే. నాలుగు రెట్ల చాకిరీ చేయలేక 3050 చతికిలపడుతుంది. అంటే మీ జాబితా ప్రకారం ఒక ఆటకు కొన్న బలం వృథా, రెండో ఆటకు బలం చాలదు.

అందుకని 24 అంగుళాల 1080పి ఐపీఎస్ మానిటరు, 144 హెర్ట్జ్ (అంటే సెకనుకు 144 బొమ్మలు) లేదా అంతకు మించినది, జాబితాలో మొదటి వరుసలో రాయండి. మిగిలిన డబ్బుతోనే పెట్టె కట్టాలి. ఆఫీసు పనికి కూడా రోజంతా మీ కళ్లు దాని మీదే కదా.

తర్వాత ఐ7. ఇది మీ తమ్ముడి పట్టుదలేమో అనిపిస్తోంది. ఆటలో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ దానికి పని అందిస్తుంది. 14700ఎఫ్ చెడ్డదేమీ కాదు, మీకు అక్కరలేనంత పెద్దది. ఇంకో రెండు సంగతులు. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుని, సవరణ విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పెంచింది. సవరణతో ఉన్న బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) వేసుకుంటే చాలు, భయపడాల్సిన పని లేదు. అసలు ఇబ్బంది బోర్డు మీద ఆ ప్రాసెసర్ కూర్చునే సాకెట్టుది. దానిలోకి ఇక కొత్త తరం రాదు, ఇంటెల్ 2024లోనే వేరే సాకెట్టుకు మారిపోయింది.

నా ఓటు ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7600కు. ఆరు కోర్లు, 65 వాట్లు, దాని అట్టపెట్టెలోనే కూలర్ వస్తుంది. లిక్విడ్ కూలర్ డబ్బు మొత్తం మిగిలిపోతుంది. బి650 బోర్డు చాలు. దాని సాకెట్టు పేరు ఏఎం5, దాన్ని 2027 దాటినా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి కొన్నేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. 7600లో ఇంకో సుగుణం ఉంది. దాని లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. కార్డు లేకపోయినా తెర మీద బొమ్మ వస్తుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉన్నవాటిలో ఆ వసతి లేదు. ఏదైనా తేడా వచ్చినప్పుడు లోపం కార్డులో ఉందో ఇంకెక్కడుందో తేల్చుకోవడానికి ఇది ఎంత పనికొస్తుందో అవసరం పడిన రోజున తెలుస్తుంది. డబ్బు చాలకపోతే కార్డును రెండు నెలలు వాయిదా వేసి, అప్పటిదాకా కంప్యూటర్‌ను ఆఫీసు పనికి వాడుకోవచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక ఈ మాట ముందే చెబుతున్నాను. ర్యామ్ 16 జీబీ అయితే 8 జీబీ బద్దలు రెండు, జతగా ఒకే ప్యాకెట్‌లో వచ్చినవి తీసుకోండి.

కార్డుకు పెట్టె ఖర్చులో మూడో వంతుకు పైనే పోనివ్వండి. ఆర్‌టీఎక్స్ 5060 మీ రెండు ఆటలకూ 1080పిలో సరిపోతుంది, దానికి 8 జీబీ మెమరీ. చేయి సాగితే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 16 జీబీ రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. పాత కార్డులు చవకగా దొరుకుతాయి గాని మొదటిసారి కొనేవారికి వద్దంటాను. 2022 సెప్టెంబరులో ఇలాంటి కార్డులతో ఇథీరియం అనే డిజిటల్ నాణేలను తవ్వే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్లు నడిచి అలసిన కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. వాటిలో మంచిది ఏరడానికి అనుభవం కావాలి.

ఐ7 అన్నది తరం పేరు కాదని మీ తమ్ముడికి చెప్పండి. ‘ఐ7 గేమింగ్ పీసీ’ అంటూ పాతికవేల లోపు ప్రకటనలు కనిపిస్తుంటాయి. మూత తీస్తే చాలాసార్లు 2012 నాటి ఐ7 3770 ఉంటుంది. విండోస్ 11 అడిగే ప్రాసెసర్ల జాబితాలో అది లేదు, విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. కొత్త బోర్డుల్లో రెండూ ఉంటాయి. ఆట తెరుచుకోకపోతే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి.

ఇక ఆ ఉచిత ఎస్‌ఎంపీఎస్. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడటమంటే ఇదే. దాని పక్కన అతికించిన చీటీ చదవండి. పెద్ద అక్షరాలతో 500 అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గడి వెతకండి. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ గడి మీదే. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే 12తో హెచ్చించండి, 216 వాట్లు. మిగతాది అలంకారం. నిజాయతీగల 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో 45 ఆంపియర్ల దాకా కనిపిస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది తప్ప ఎంత గట్టిదో చెప్పదు. కాబట్టి ముద్రతో పాటు అయిదేళ్ల వారంటీ ఉన్నది చూసుకోండి. మీ కంప్యూటర్‌కు 550 చాలు, 650 అయితే రేపు పెద్ద కార్డు వేసినా దిగులుండదు.

నా మొదటి కంప్యూటర్‌కు నేనూ ఉచితందే వాడాను. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఒక వానాకాలం సాయంత్రం కరెంటు పోయి వచ్చిన క్షణాన టప్పుమని మోగి, కాలిన చేపల వాసన వేసి, పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. మీ నాన్నగారి భయం ఉత్తది కాదు. కాకపోతే ఆ రోజు నేరం నా చేతులది కాదు, నేను మిగుల్చుకున్న రెండు వేలది.

గోడ దగ్గరికి వద్దాం. కంప్యూటర్ పక్కన చెప్పులు లేకుండా కూర్చుని క్యాబినెట్ రేకును తాకితే సన్నగా జివ్వుమనడం మన ఇళ్లలో చాలామందికి తెలుసు. “ఎలక్ట్రానిక్ వస్తువన్నాక అంత మాత్రం ఉంటుంది” అని సరిపెట్టుకుంటారు. ఉండకూడదు. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట, కరెంటులో కలిసే అలజడిని వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి రేకుకు, ఇంకొకటి న్యూట్రల్ నుంచి రేకుకు. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సుమారు సగం వోల్టేజీ, అంటే నూటపది పైన నిలుస్తుంది. ప్రవాహం చాలా తక్కువ కనుక జివ్వుమని ఊరుకుంటుంది. కాని ఎప్పుడైనా లోపల తీగ ఊడి నిజంగా రేకుకు తగిలితే ఫ్యూజు ఎగరదు, ముట్టుకుంటే ప్రాణాపాయం. మానిటరు కేబుల్ తగిలిస్తున్నప్పుడు కార్డు పోర్టులు పాడవడానికి కూడా ఇదొక కారణం.

ప్లగ్ పాయింటులో పైనున్న పెద్ద రంధ్రమే ఎర్తింగ్. రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉందని కాదు. పాత ఇళ్లలో మరీను. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలవమనండి. మొదటిది 230 దగ్గర, రెండోది ఒకటి రెండు వోల్టుల లోపు ఉండాలి. తనే టెస్టరు పెట్టి చూసి “బాగానే ఉంది” అంటే ఒప్పుకోకండి, మీటరుతో కొలవాలి. మీరు స్వయంగా ప్రయోగాలు చేయకండి, ఈ ఒక్క పనిలో మీ నాన్నగారి మాట వినాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో కూడా చవకరకానివి పైకి మూడు రంధ్రాలు చూపి లోపల రెండు తీగలతోనే నడుస్తుంటాయి.

యూపీఎస్ సంగతి కూడా ఇక్కడే. 600 వీఏ అని అమ్మేది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. మీ పెట్టె ఆట నడిచేటప్పుడు 300 వాట్ల దగ్గర తింటుంది, మానిటరుకు ఇంకో పాతికో ముప్పయ్యో. అంచున నడపడం ఎందుకు, 1000 వీఏ తీసుకోండి. అది ఆట పూర్తి చేయడానికి కాదు, కంప్యూటర్ ఆపుకోవడానికి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూసి వేయండి, సైన్ వేవ్ రకమైతే మరీ మంచిది. బిల్లులోకి ఇది కూడా చేరుతుంది కాబట్టి లైట్ల క్యాబినెట్ కాస్త తగ్గించుకోక తప్పదు. ఎలాగూ ముందు అద్దం వద్దు, జాలీ ఉన్నదే కావాలి. మే నెలలో మీ ఊళ్లో గదిలోని గాలే వేడిగా ఉంటుంది, ఆ గాలిని కూడా అద్దంతో ఆపేస్తే ఫ్యాన్లు ఏం లాగుతాయి? ఆ రైజెన్ ప్రాసెసర్ 95 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారైందే గాని అక్కడే కాపురం పెట్టించకండి. కంప్యూటర్ టేబులు కింద చెక్క అరలో దాచవద్దు. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగించే ఉంచండి. బల్లులు దూరతాయి. హాస్యానికి అనలేదు, ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి పడి చచ్చి షార్టయిన కంప్యూటర్లను నేనే చూశాను.

కొనడానికి ఆన్‌లైన్ ధరలు రాసుకుని, ఒక రాత్రి రైలెక్కి సికింద్రాబాద్ వెళితే పార్క్‌లేన్‌లో చెన్నాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఒకే చోట అన్ని అంగళ్లూ ఉంటాయి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, దాని మీద ఒక్కో భాగం సీరియల్ నంబరు ఉండేలా చూసుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తామనే మాటకు లొంగకండి, మూడేళ్ల వారంటీని అమ్ముకున్నట్టే.

బిగింపుకు ఒక స్టార్ స్క్రూ డ్రైవరు, ఒక ఖాళీ బల్ల, తొందరలేని సాయంత్రం కావాలి. ముందు బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టుకోండి. సాకెట్టు రేకు పైకెత్తి, మూల మీదున్న చిన్న త్రికోణాన్ని సరిచూసి ప్రాసెసర్‌ను వదలండి, నొక్కకండి. భయపెట్టే ఘట్టం ఆ తర్వాతే. మీట కిందికి వేసేటప్పుడు గట్టిగా నొక్కాలి, కిర్రుమంటుంది, ప్లాస్టిక్ మూత ఎగిరి పడుతుంది. అలాగే కావాలి. ఆ మూతను పారేయకండి, రేపు బోర్డు వారంటీకి పంపితే అడుగుతారు. సాకెట్టులోని సన్నని పిన్నులను మాత్రం వేలితో తాకవద్దు. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు.

బోర్డులో నాలుగు గాడులుంటే ర్యామ్ రెండు బద్దలూ పక్కపక్కన కాదు, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో, నాలుగో గాడిలో. కూలర్ అడుగున పేస్టు పూసే వస్తుంది, వేరేది అక్కరలేదు. నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించండి. ఎస్‌ఎస్‌డీ మీద పెట్టే రేకుకు అడుగున పలుచని పొర ఉంటుంది, తీయడం మరచిపోయేవారు కోకొల్లలు. స్టాటిక్ కరెంటు గురించి వీడియోల్లో చాలా బెదిరిస్తారు. గోదావరి గాలిలో ఉన్న తేమకు ఆ బాధ తక్కువే. మధ్యమధ్యలో క్యాబినెట్ రేకును తాకుతూ ఉండండి, చాలు.

క్యాబినెట్‌లో పెట్టకముందే, అట్టపెట్టె మీదే ఒకసారి వెలిగించి చూడండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి పెద్ద 24 పిన్నుల తీగ, ప్రాసెసర్ పక్కన 8 పిన్నులది. కార్డుకు వచ్చే 8 పిన్నుల తీగ చూడటానికి అలాగే ఉంటుంది గాని అది వేరు, తీగ మీదే రాసి ఉంటుంది. దూరకపోతే బలవంతం చేయకండి. మానిటరు కేబుల్ ప్రస్తుతానికి బోర్డుకే. బోర్డు మీదున్న పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూ డ్రైవరు మొనతో ఒక్క క్షణం కలపండి. ఫ్యాన్ తిరుగుతుంది.

తెర మీద ఏమీ రాదు.

ఇక్కడే కొత్తవాళ్ల గుండె జారిపోతుంది. ఏఎం5 బోర్డు మొదటిసారి వెలిగినప్పుడు ర్యామ్‌ను పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, ఒకటి రెండుసార్లు తనంతట తానే ఆగి మొదలవుతుంది కూడా. కంగారుపడి మీట ఆపేయకండి. ఒక టీ తాగి రండి. పదిహేను నిమిషాలు దాటినా ఏమీ లేకపోతే అప్పుడు ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. ఫ్యానే తిరగకపోతే ముందు ఎస్‌ఎంపీఎస్ వెనకున్న చిన్న మీట చూడండి. నా మొదటి కంప్యూటర్ బిగించిన రాత్రి గంటన్నర సేపు అన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాను. చివరికి గదిలో ఉండే స్నేహితుడు నిద్రలేచి వచ్చి, మంచినీళ్లు తాగుతూ ఆ మీట నొక్కి వెళ్లి పడుకున్నాడు.

క్యాబినెట్‌లోకి మార్చేటప్పుడు బోర్డు కింద ఇత్తడి బుడిపెలు బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయో చూడండి. రంధ్రం లేని చోట బుడిపె మిగిలితే బోర్డు వెనక షార్టవుతుంది. కార్డు బిగించాక మానిటరు కేబుల్‌ను బోర్డు నుంచి తీసి కార్డుకు పెట్టండి. విండోస్ వేశాక డిస్‌ప్లే సెట్టింగుల్లో 60ని 144కు మార్చండి, అది తనంతట మారదు. బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి, లేకపోతే 6000 వేగమున్న ర్యామ్ 4800తోనే నడుస్తుంది. ఈ మూడూ చేయకుండా “అంత డబ్బు పోసినా తేడా లేదు” అని నాకు రాసేవారు నెలకు ఒకరైనా ఉంటారు.

నాన్నగారిని ఒప్పించాలంటే పక్కన కూర్చోబెట్టుకుని స్క్రూలు అందించమనండి. షాపులో బిగింపు తప్పేమీ కాదు, కాని రేపు ఫ్యాను మోగినా, ధూళి దులపాలన్నా ఆ పెట్టె మోసుకుని మళ్లీ అక్కడికే పోవాలి.

డాలస్ నుంచి కార్డు వద్దు. చాలా కంపెనీల కార్డు వారంటీ కొన్న దేశానికే పరిమితం. పాడైతే మీ అన్నయ్య మళ్లీ వచ్చేదాకా అది బీరువాలో ఉండాలి. అక్కడ పన్ను కలిపి చూస్తే మిగిలేది మీరనుకున్నంత ఉండదు కూడా. అంత దూరం నుంచి ఏదైనా తెస్తానని పట్టుబడితే మొనకు అయస్కాంతం ఉన్న మంచి స్క్రూ డ్రైవర్ల సెట్టు తెమ్మనండి. దానికి వారంటీ అక్కరలేదు, సంచిలో ఓ మూల ఇమిడిపోతుంది.